దడి మీది మునగచెట్టు

కరీంనగర్‌లో మేము అద్దెకున్న ఇంటికీ పక్కింటికీ మధ్య కందికట్టెల దడి ఒకటే అడ్డం. పక్కింటివాళ్ల మునగచెట్టు దాని మీదుగా మా పెరట్లోకి వంగి ఉండేది. వానలు మొదలవగానే దాని మాను నిండా గొంగళి పురుగులు పట్టేవి. ఒకటి మా పాప మెడ మీద పడి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. రెండు రోజులు పాలు కూడా సరిగా తాగలేదు.

మూడో రోజు దడి దగ్గర నిలబడి, ఆ చెట్టు కొట్టించమని పక్కింటి అవ్వను అడిగాను.

"ఎట్ల కొట్టిస్త బిడ్డా? కోడలు కడుపుతోటి ఉన్నది. గసొంటి ఇంట్ల పచ్చని చెట్టు నరకద్దు. ఆమె నీళ్లాడేదాక మావోళ్లు గొడ్డలి ముట్టరు. మీ ఆయననే కొట్టమను, నేను వద్దంటనా?"

నేను బీఏ చదివినదాన్ని. ఇలాంటివి నమ్మనని కాలేజీలో వాదించినదాన్ని. అయినా సరేననడానికి నోరు రాలేదు. నాకు రెండో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

అవ్వ నా ముఖం చూసి నవ్వింది. "అయ్యో, నీది సుత గదే కథనా! గింత సదువుకొని నువ్వు గూడ భయపడవడితివి."

మర్నాడు పొద్దున్నే ఆమె కట్టెకు పాతగుడ్డ చుట్టి, కిరసనాయిలులో ముంచి వెలిగించి, మానుకు పట్టిన పురుగులను తానే కాల్చింది. ఆ వానాకాలమంతా అలాగే చేసింది. నేను పాపను చంకనెత్తుకొని, ఇంకా ఎక్కడెక్కడ మిగిలాయో దడి ఇవతలి నుంచి చూపిస్తుండేదాన్ని.