బేరింగ్ బండికి మా అప్ప చెప్పులే బ్రేకు

ముందే చెబుతున్నాను... నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. బడికి వెళ్ళింది ఐదో తరగతి వరకే. ఫోనులో తెలుగు కొట్టడం మా ఆడపడుచు నేర్పింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... టాటానగర్‌లో మా రైల్వే క్వార్టర్ల వెనక ఒక ఏటవాలు రోడ్డు ఉండేది. సెలవు రోజు పొద్దున్నే పిల్లలమంతా బేరింగ్ బండ్లు పట్టుకుని అక్కడికి చేరేవాళ్ళం. చెక్కపలక కింద మూడు పాత బేరింగులు, పట్టుకోవడానికి ముందొక అడ్డకర్ర... అంతే బండి. మా నాన్న పాత ఇనుము అమ్మే కబాడీ కొట్టులో బేరింగులు ఏరి తెచ్చి మాకూ ఒకటి చేసిపెట్టాడు. అది కదిలితే గరగరమని ఒకటే రొద.

బండి మీద కూర్చునేది నేను. తోసేది మా అప్ప. మా శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాం.

పైనుంచి ఒక్క తోపు తోసిందంటే బండి ఇక దానంతట అదే పరిగెత్తేది... పోనుపోను వేగం పెరిగేది. కింద ఆటోలు తిరిగే పెద్దరోడ్డు. బండికి బ్రేకు ఉండదు కదా... అందుకని వెనక కట్టిన తాడు పట్టుకుని అప్ప కూడా పరిగెత్తుకొచ్చేది. రోడ్డు దగ్గర పడుతుందనగా వెనక్కి వాలి, మడమలు నేలకు తన్నిపెట్టి ఈడ్చేది. సర్రుమని చప్పుడు, రబ్బరు కాలిన వాసన... బండి ఆగేది. నేను చప్పట్లు కొట్టేదాన్ని.

వాలు దిగేటప్పుడు నేను, ఎక్కేటప్పుడు అప్ప కూర్చోవాలని ఒప్పందం. పెట్టింది నేనే. ఎక్కేటప్పుడు అప్ప కూర్చుంటే నేను తోసేదాన్ని. బండి జానెడు కదిలి, మళ్ళీ నా మీదికే వచ్చేది.

"ఏటే, అన్నం తిన్నేదేటి? తొయ్యి!" అని నవ్వేది అప్ప.

"నువ్వు బరువున్నావు... నానేటి సేత్తాను?"

"సర్లే, దిగుతన్నాను. నువ్వే కూకో."

అలా ఎక్కేటప్పుడూ నేనే కూర్చునేదాన్ని. అప్ప తాడు భుజాన వేసుకుని లాగేది.

అప్ప చెప్పులకు మడమల దగ్గర చిల్లులు పడేవి. నావి కొన్ననాటిలాగే ఉండేవి. అమ్మ రెండు జతలూ పక్కపక్కన పెట్టి అప్పను నిలదీసేది. "నీ కాళ్ళకేటి ఆకురాయి ఉందేటే? సిన్నదాన్ని సూసి నేర్సుకో!"

నేను గుమ్మం దగ్గర నిలబడి వినేదాన్ని. అప్ప నావైపు చూసేది కూడా కాదు. "ఏమో అమ్మా, అరిగిపోతన్నాయి..." అనేది.

ఆ ఎండాకాలం అమ్మ విసిగి, ఇక చెప్పులు కొననంది. అప్ప ఉత్తికాళ్ళతో వచ్చింది. ఆ రోజైనా బండి వద్దనాల్సింది నేను... "ఒక్కసారే అప్పా" అన్నాను. బండి ఆగింది. సాయంత్రం అప్ప మునివేళ్ళ మీద నడుస్తూ ఇల్లు ఊడ్చింది.

ఇవన్నీ ఇప్పుడెందుకంటే... నేను పెళ్ళై టాటానగర్‌లోనే మాంగో అనే పేటలో ఉంటున్నాను. అప్ప నది అవతల గమ్హరియాలో ఉంటుంది. పోయిన వారం ఫోను చేసింది. పిత్తాశయంలో రాళ్ళట, ఆపరేషనట. బావకు సెలవు దొరకదు, పిల్లలు చిన్నవాళ్ళు. అన్నీ తనే చెప్పి, చివర్న తనే అంది... "నువ్వు రాకే. మీ అత్త ఏటంటాదో. నాను సూసుకుంటాను."

నేను "సరే అప్పా" అన్నాను. అనేసి ఫోను పెట్టేశాను.

నిన్న మా ఆడపడుచు తొమ్మిదో తరగతి సైన్సు పైకి చదువుకుంటోంది. నేను రోటీలు ఒత్తుతూ వింటున్నాను. ఆగి ఉన్నది తనంతట తాను కదలదట. కదిలేది తనంతట తాను ఆగదట. రెండింటికీ బయటి బలం కావాలట.

"సునో వదినా... బండి ఆగాలంటే ఘర్షణ్ ఉండాల. రెండూ రాసుకుంటే ఆ బలం పుడతాది."

"రాసుకుంటే మరి అరిగేదెవరు?" అన్నాను.

"వో తో పరీక్షలో రాదు వదినా!" అని నవ్వింది.

చేతిలో రోటీ అలాగే ఉండిపోయింది. పెనం మీదిది మాడింది.

మా అత్త వసారాలో తోటకూర ఏరుతోంది. పెళ్ళైనప్పటినుంచి ఆమెను నేను నోరు తెరిచి ఏదీ అడగలేదు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. కొంగు మెలిపెట్టుకుంటూ, "అత్తా... అప్పకి ఆపరేషనట. లేచి తిరిగేదాకా నాను ఎల్లి ఉంటాను" అన్నాను.

అత్త తలెత్తింది. "ఉంటానని సెప్తన్నావా, ఉండనా అని అడుగుతన్నావా?"

"...ఉంటాను."

"మరి వారం నుంచి మొకం ఏలాడేసుకుని తిరిగితే నాకెలాగ తెలుత్తాది? మాటాడితే ముత్తేలు రాలిపోతాయేటి? ఎల్లు. రోటీలు ఈ సదువులమ్మ సేత్తాది." లోపల ఆడపడుచు "హాయ్ రామ్!" అంది.

వెంటనే అప్పకు ఫోను చేశాను. రేపు వస్తున్నానన్నాను.

"వద్దన్నాను కదే!"

"అన్నావులే. వత్తన్నాను."

అప్పుడు అప్ప చిన్నగా అంది... "అయితే, రాత్రి ఆసుపత్రిలో నా పక్కన ఉంటావా? నాకు బయమేత్తందే."

మా అప్ప నోట ఆ మాట నేను పుట్టి ఎప్పుడూ వినలేదు. ఇన్నేళ్ళూ భయం లేక అనలేదా... అనడానికి నేను చోటివ్వలేదా?

చిన్నప్పుడు ఒక్క దుప్పట్లో పడుకున్నప్పుడు ఏం కావాలన్నా గిల్లి మరీ అడిగేవాళ్ళం... ఇప్పుడు ఒక్క నది అవతల ఉండి, అడగడం మానేశాం. మీకూ ఇలా ఏదీ అడగని అప్పో, అన్నో ఉంటే వాళ్ళ గురించి కింద రాయండి, తీరిక దొరికినప్పుడు ఆసుపత్రిలో చదువుకుంటాను. దీన్ని మాత్రం ఎవరికీ పంపకండి... అప్పదాకా పోతే సిగ్గుతో ఆమె ముఖం చూడలేను.