తోడల్లుడి రాళ్లు

అసూయతో మేడ మీద మేడ కట్టినవాళ్లున్నారు, అక్కర్లేని కారు కొన్నవాళ్లున్నారు. అసూయతో ఆసుపత్రి మంచమెక్కి, పొట్టతోపాటు పరువు కూడా కోయించుకున్నవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. ఆ కథ చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. మా అత్తగారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

తెనాలిలో కాలువల శాఖలో ఉద్యోగం చేసి అప్పుడే రిటైరయ్యాను. పొద్దున లేవగానే ఎండెంత, వానెంత, తిన్నదెంత, అరిగిందెంత అని డైరీలో రాసుకునే మనిషిని. ఇంత పద్ధతిగల మనిషికి ఒక్కటే బలహీనత. మా తోడల్లుడు రామ్మోహనం.

అతనిది రేపల్లెలో ఎరువుల కొట్టు. నోట్లో నాలుక లేని మంచివాడు. చూశారా, అదే నాకు గిట్టదు. బాపట్లలో అత్తవారింట్లో నేను పెద్దల్లుణ్ని. వేడి వేడి గారె ముందు నా విస్తట్లో పడాలి, ఆ తరువాతే లోకానికి. ఏళ్ల తరబడి చెక్కుచెదరని ఆ మర్యాద, రామ్మోహనం పొట్టలో రాళ్లు పడటంతో కదిలిపోయింది.

అతని పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, రాళ్లతో సహా ఆ సంచీని తీసేశారు. అంతే! అత్తగారు బాపట్ల నుంచి గిన్నెల క్యారియర్ పట్టుకుని రేపల్లెలో దిగిపోయారు. పక్కనే కూర్చుని జావ పట్టారు. నా కంటికి శుక్లాలు తీసినప్పుడు ఫోన్లో "జాగ్రత్త బాబూ" అని సరిపెట్టిన మనిషి!

నేనూ మా ఆవిడ సుశీలా పరామర్శకు వెళ్లాం. ఇంటినిండా జనం. బల్లమీద యాపిల్ పళ్లు గుట్టగా ఉన్నాయి. వాటి మధ్య, దేవుడి గూట్లో సాలగ్రామంలాగా, చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో రాళ్లు. వచ్చినవాళ్లంతా దాన్ని గలగలా ఆడించి చూసి, కళ్లు పెద్దవి చేసి, పక్కవాళ్లకు అందిస్తున్నారు.

"చూడండన్నయ్య గారూ, ఇన్ని మోసుకు తిరిగానండి," అన్నాడు రామ్మోహనం నీరసంగా నవ్వుతూ.

"ఎంత ఓర్పో మా చిన్నల్లుడికి! కిక్కురుమన్లేదంటే నమ్ము," అన్నారు అత్తగారు ఎవరితోనో.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. తోడల్లుడి పొట్టలో రాయైతే ఏకంగా రత్నమే. నా లోపల ఏదో భగ్గుమంది.

"రాయి నాకూ ఉందండి," అన్నాను.

గదంతా నా వైపు తిరిగింది. అబద్ధం కాదు సుమండీ. అంతకుముందు తీయించిన స్కానింగులో నాకూ ఒక రాయి కనబడింది. శనగగింజంత. నొప్పి వస్తోంది కనుక తీయించుకోమని డాక్టరు చెబితే, కత్తికి భయపడి వాయిదా వేస్తున్నాను. ఆ సంగతి సుశీలకు కూడా చెప్పలేదు.

"ఒక్కటేనా అన్నయ్య గారూ?"

"ఒక్కటే. కానీ ఉసిరికాయంత."

"అయ్యో! మరి నొప్పి రాదా బాబూ?" అన్నారు అత్తగారు.

"వస్తుందండి. నేను చెప్పుకోను."

"నాతో కూడానా?" అంది సుశీల అనుమానంగా.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? వచ్చినవాళ్లకోసం వేసిన గారెలు కనబడ్డాయి. "నూనెవి మనకి పడవండి, వద్దండి," అని రామ్మోహనం బతిమాలుతున్నాడు. "నీకు పడవేమో," అని ఒకదాని తరువాత ఒకటి లాగించాను. ఓర్పంటే ఏంటో చూపించాలి కదా!

బస్సు చెరుకుపల్లి దాటకముందే కుడి డొక్కలో రోకలిపోటు మొదలైంది. తెనాలి చేరేసరికి నేను మనిషిలా లేను, మడిచిన గొడుగులా ఉన్నాను. ఇంకొన్నాళ్లకు సుశీల నా మొహంలోకి తేరిపార చూసి, "కళ్లు పసుపు కొట్టినట్టున్నాయేంటండీ?" అంది. గుంటూరు తీసుకుపోయారు.

"రాయి సంచీలోంచి జారి పైత్యరసం వచ్చే గొట్టంలో ఇరుక్కుందండి," అన్నాడు అక్కడి డాక్టరు. "అందుకే పచ్చకామెర్లు."

"అంటే తూముకి మొద్దు అడ్డం పడ్డట్టు."

"సరిగ్గా చెప్పారు సార్. నోట్లోంచి సన్నటి గొట్టం పంపి ఆ అడ్డు తీస్తాం. తరవాత పొట్టకు రంధ్రాలు పెట్టి సంచీ కూడా తీసేస్తాం. లేకపోతే మళ్లీ ఇదే తంటా."

"రాయి నా చేతికిస్తారా?"

"ముందు మీరు బాగవ్వండి సార్."

మత్తు వదిలాక నేనడిగిన మొదటి మాట, "రాయేదండీ?"

"పేగులోకి నెట్టేశామండి. దాని దారిన అది పోతుంది."

"పోనిచ్చారా!" అని మంచంమీద లేవబోయాను.

"పోవాలనే కదండీ ఇంత చేసింది?" అన్నాడాయన తెల్లబోయి.

సరే, సంచీ ఉందిగా, అందులో ఇంకోటి దొరక్కపోతుందా అని ఆశపడ్డాను. అదీ తీశారు. లోపల ఉన్నది చిక్కటి బురద! కొండను తవ్వి ఎలుకను పట్టినా నయమే, చూపించడానికి ఎలుకైనా ఉంటుంది. మర్నాడు అత్తగారు వస్తున్నారు. ఉసిరికాయంత రాయి చూడటానికే వస్తున్నారు.

ఆపరేషనయ్యాక నడవాలంటారు కదా. నడిచాను. ఆసుపత్రి గుమ్మం పక్కన క్రోటన్ మొక్కల కుండీలు, వాటి నిండా అందానికి పోసిన గులకరాళ్లు. గోధుమరంగులో, గుండ్రంగా, ఒకటి నన్నే పిలిచింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నేను ఆసుపత్రి సొమ్ము నా పొట్టకు దానం చేశాను. మూత్రపరీక్షకిచ్చిన డబ్బాల్లో వాడనిదొకటి ఉంటే, రాయిని అందులో పెట్టి తలగడ పక్కన ప్రతిష్ఠించాను.

అత్తగారిని కార్లో తీసుకొచ్చింది రామ్మోహనమే. డబ్బా చూడగానే ఆవిడ రెండు చేతులూ చెంపలకు పెట్టుకున్నారు.

"అమ్మో! ఇదెలా మోశారు బాబూ!"

"ఏదో, మోశానండి."

ఆవిడ కళ్లలో నీళ్లు! నా కోసం! "మీ రాయి ముందు నావి మిరియాలండి," అని రామ్మోహనం ఒప్పేసుకున్నాడు. ఆ క్షణంలో యముడొచ్చినా "కాస్త కూర్చోవయ్యా" అనేవాణ్ని.

వచ్చింది యముడు కాదు, డాక్టరు.

"మీ చేతికి దణ్ణం పెట్టాలి నాయనా, ఇంత రాయి తీశారు!" అని అత్తగారు డబ్బా ఆయన చేతిలో పెట్టారు.

ఆయన మూత తీశాడు. రాయిని వెలుతురులో తిప్పి చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"నేను నెట్టింది ఇంత లేదే! అంటే లోపల ఇంకా ఉన్నాయన్నమాట. సిస్టర్, సార్‌కి ఇవాళ ఏమీ పెట్టకండి. మళ్లీ గొట్టం వెయ్యాలి."

"వెయ్యండి డాక్టరుగారూ," అన్నాడు రామ్మోహనం ఎంతో ప్రేమగా. "మా అన్నయ్య గారికి ఓర్పెక్కువ. చెప్పుకోరు."

ఒకపక్క గొట్టం, ఒకపక్క పరువు. గొట్టం గొంతులో ఎంత ఇరుకో అప్పటికే తెలుసు.

"అక్కర్లేదండి."

"ఎందుకక్కర్లేదు?"

"అది... పొట్టలోది కాదండి."

"మరెక్కడిది?" అంది సుశీల.

"కింద... క్రోటన్ కుండీలోది."



"నాకు తెలుసు సార్," అన్నాడు డాక్టరు నవ్వాపుకుంటూ. "రాయికి ఎర్రమట్టి అంటుకుంది. పిత్తాశయంలో ఎర్రమట్టి నేనెప్పుడూ చూళ్లేదు."

రామ్మోహనం పొట్ట పట్టుకుని గోడకు చేరబడ్డాడు. "నవ్వించకండన్నయ్య గారూ, నా గాయాలింకా పచ్చివి!" సుశీల మొహం కొంగులో దాచేసుకుంది. అత్తగారు మాత్రం నవ్వలేదు. నెమ్మదిగా మూత బిగించి, డబ్బా నా చేతిలో పెట్టారు.

"చిన్నల్లుడికి రాళ్లు పొట్టలో ఉన్నాయి, తీసేశారు. మీది ఇంకా పైన ఉంది బాబూ. దాన్ని తీసే డాక్టరు ఇంకా పుట్టలేదు."

అని, క్యారియర్ విప్పి, మొదటి గ్లాసు జావ రామ్మోహనానికిచ్చారు. అప్పుడు నవ్వారు.

కనుక, ఇది చదివే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒంట్లోంచి ఏది తీసినా, తీసినంతే చెబుతాను. తీయకపోతే లేదనే చెబుతాను. పరాయివాడి జబ్బు పరాయి ఆస్తి. అది ఎంత ఊరించినా ఆశపడను. ఈ ప్రమాణం ఎంత గట్టిదంటే, మొన్న రామ్మోహనానికి మోకాలు మార్చారని చూడటానికి వెళ్లి, పాతది ఎక్కడ డబ్బాలో పెట్టి చూపిస్తాడోనని, వచ్చేదాకా కళ్లు మూసుకునే కూర్చున్నాను.