ఊటకు టైల్సు

గుడియాత్తం దాటాక కొండ కింద మా మేనత్తకు మల్లెతోట ఉంది. బోరు లేదు. కొండరాళ్ల సందుల్లోంచి వచ్చే ఊట ఒక్కటే దిక్కు. ఆ నీళ్లు కాలవలో జారి మల్లె పాదుల్లోకి వస్తాయి. రోజూ వేలూరు మార్కెట్టుకు పోయే ఆ పూలే ఆమెకు జీతం, పింఛను, ధైర్యం.

ఏటా ఆడి నెలలో, అంటే ఆషాఢం రోజుల్లో, ఇంటికొక మనిషి చేరి ఊట దగ్గర పూడిక తీస్తారు. మోకాళ్ల లోతు బురదలో దిగి, గంపలతో మన్ను మోసి, చివర అంబలి తాగి ఇళ్లకు పోతారు. దీనివల్ల ఒళ్లునొప్పులు తప్ప ఎవరికీ నష్టం జరిగినట్టు నేను వినలేదు.

మొన్నటి ఏడు అత్త మరిదికి ఆ బురద నచ్చలేదు. ఆయన ఆంబూరులో బూట్ల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. ఊటకు కాస్త కిందుగా, కొండవాలు చెక్కి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. సిమెంటూ టైల్సూ కొంచెం మిగిలాయి. మిగిలిన టైల్సు చేతిలో ఉన్న మనిషిని ఆపడం కష్టం.

"ఏటేటా ఈ బురదలో పొర్లేదేంది వదినా? చుట్టూ కాంక్రీటు పోసి పైపు పెడదాం. కొళాయి మాదిరి వస్తాది."

"రాకపోతే?"

"నీళ్లు యాడికి పోతాయి? కొండలోనే కదా ఉండాయి!"

అందరికీ నచ్చింది. రాళ్ల సందుల్లో గోనెగుడ్డలు కుక్కి, కాంక్రీటు పోసి, నీలం టైల్సు అతికించారు. పైపుకు పసుపు కుంకుమ పెట్టారు. పైపు కొన్నాళ్లు కారింది, తర్వాత మానేసింది.

అత్త ఫోన్ చేసింది. "నాయనా, ఊట నిలిచిపోయినాది. పాదులు బీటలు తీసినాయి. నువ్వు రా."

నేను చదివింది భూగర్భశాస్త్రం, వేలూరులో చేసేది బీమా ఉద్యోగం. మావాళ్ల లెక్కలో మాత్రం కొండల డాక్టర్ని. బస్సెక్కాను.

పైపు ముందు జనం చావింట్లో నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. ఆ ఊట ఎండడం వాళ్ల తాతలు కూడా చూడలేదట. నాకు తెలిసింది చెప్పాను. పైన పడ్డ వాన మట్టిలో ఇంకి, రాతి పగుళ్లలో నెలల తరబడి నడిచి ఇక్కడికి వస్తుంది. ఇక్కడ మూసేస్తే తిరిగి కొండెక్కదు. కిందెక్కడో ఇంకో పగులు వెతుక్కుంటుంది.

"యాడ?" అంది అత్త.

జవాబు మరిది ఇంట్లోంచి వచ్చింది. ఆయన భార్య కేక: "ఏమయ్యో! వంటింట్లో నేల లేచిపోతా ఉండాది!"

పరుగెత్తాం. కొండను ఆనుకున్న గోడ దగ్గర టైల్సు పైకి లేచి ఉన్నాయి. వాటి కిందినుంచి నీళ్లు తేటగా, చల్లగా, తొందరేమీ లేకుండా ఉబుకుతున్నాయి. గ్యాస్ సిలిండరు కాళ్లు కడుక్కుంటోంది. చిన్నప్పటినుంచి దోసిళ్లతో తాగిన నీళ్లు ఇప్పుడు పొయ్యి వెనకనుంచి వస్తున్నాయి. నేను ఒక వేలు ముంచి, అవసరం లేకపోయినా తలాడించాను.

మరిది గడ్డపారతో పైకి ఉరికి, తాను వేసిన కాంక్రీటును తానే పగలగొట్టాడు. సాయంత్రం దాకా చూశాం. చెమ్మ తప్ప ఏమీ లేదు. కింద దారి దొరికిన నీళ్లు పైదారికి రావని చెప్పడానికి ఆ పూట కొండల డాక్టరు అక్కర్లేకపోయింది.

అత్త వంటింట్లోకి నడిచింది. "అప్పా, ఈ దిగువ గోడకు అడుగున బొక్క కొట్టు. తోటకు కాలవ తీద్దాం."

"వదినా, ఇది వంటిల్లు! గృహప్రవేశం చేసి ఏడాది కూడా కాలే!"

"వంట వసారాలో చేసుకోవచ్చు నాయనా. మల్లెచెట్లు వసారాలోకి రావు గదా."

ఆయన భార్యవైపు చూశాడు. ఆమె పొయ్యి ఎత్తుకుని బయటికి నడిచింది. గడ్డపార గోడమీద పడింది.

చీకటి పడేలోపు మొదటి పాదు తడిసింది. మరిది గోడలోని బొక్కనే చూస్తూ, "ఎన్నాళ్లు ఇట్లా పోతాది?" అని నన్ను అడిగాడు. నేను మళ్లీ ఒక వేలు ముంచి తలాడించాను. అత్త మాత్రం పక్కగదిలోకి ఒకసారి తొంగి చూసి, బియ్యం మూటలు కాస్త ఎత్తున పెట్టుకోమని చెప్పి తోటవైపు వెళ్లింది.