మా అమ్మ నోట రాని పేరు

నాకు మా నాయనమ్మ పేరు పెట్టారు. మూడు మాటల పొడవైన పేరు, చివర అమ్మ. పెట్టిన రోజే అది మా అమ్మకు కాకుండా పోయింది. కోడలు అత్తగారి పేరు నోటితో పలకకూడదు కదా! ఊరందరికీ నేను ఆ పేరే, కన్నతల్లికి మాత్రం "అమ్మడూ". కోపమొస్తే "ఒసేయ్".

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో, కళ్లంలో ఆరబోసిన మిరపకాయల్లోంచి అందరం కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరేవాళ్లం. నాయనమ్మ ఆ చివరినుంచి ఒక్క అక్షరం మింగకుండా నా పేరు పిలిచి తెగ మురిసిపోయేది. అమ్మ తల వంచుకుని కాయలు ఏరుకునేది. నాకు అమ్మ మీదే ఒళ్లు మండేది. తల్లే పిలవని పేరు నాకెందుకు?

ఎనభైల మొదట్లో ఇంటర్‌కి గుంటూరు వచ్చాను. హాజరు పిలిచే లెక్చరర్‌గారు నా పేరును రెండక్షరాలకు కోసేశారు. హాస్టల్ పిల్లలూ అదే పట్టుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే అనిపించింది. సెలవులకు నాతో వచ్చిన స్నేహితురాలు అలా పిలవడం విని అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"అంత చక్కటి పేరుని అట్టా ముక్కలు చేస్తారేంటే? నిండుగా పిలిపించుకో."

"నువ్వసలు పిలవనే పిలవవు, నీకెందుకు?" అన్నాను, ఆ పిల్ల ముందే. అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

నాయనమ్మ పోయాక, ఇప్పుడైనా ఒక్కసారి పిలవమని అడిగాను. పెదవులు కదిపింది గానీ మాట రాలేదు. "నోరు రావట్లేదే అమ్మడూ" అంది, సిగ్గుపడుతూ.

ఆ తర్వాత రెండేళ్లకు గుండెజబ్బుతో అమ్మను గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. తోడున్న మనిషి పేరడిగితే అలవాటుకొద్దీ ఆ రెండక్షరాలే రాయించాను. నాలుగో రోజు మధ్యాహ్నం మందుల షాపుకు వెళ్లి వచ్చేసరికి అమ్మ మంచం చుట్టూ నర్సులున్నారు. అప్పటికే అయిపోయింది.

పక్క మంచం దగ్గర, భర్తకు తోడుగా ఉన్న కనిగిరి ఆవిడ నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇందాక నర్సమ్మ వచ్చి నీ పేరు కేకేసిందమ్మా. మీ అమ్మ కళ్లు తెరిచి, 'అది కాదమ్మా నా బిడ్డ పేరు' అని నిండుగా చెప్పింది. నర్సమ్మ మళ్లీ తప్పు పలికితే మళ్లీ చెప్పింది. రెండుసార్లు."

"ఎట్లా చెప్పింది?"

ఆవిడ పలికి వినిపించింది. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పింది. మూడోసారి కూడా అడిగాను.

ఇప్పుడు నా పేరు ఎవరు కత్తిరించినా ఊరుకోను. బ్యాంకులోనైనా, పెళ్లి పందిట్లోనైనా అక్కడికక్కడే సరిదిద్దుతాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. అమ్మ గొంతులో ఆ పేరెలా ఉండేదో నాకు తెలియదు. ఎన్నిసార్లు ఊహించుకోబోయినా ఆ కనిగిరి ఆవిడ గొంతే వినిపిస్తుంది.