గెడ్డలో ఐదు స్తంభాలు

ముందు పోయినవి చెబుతాను. రాజ్యసభ సభ్యుడొకాయన, ఎనభై రెండేళ్ళు, పదవిలో ఉండగానే. ఆయన సంతకం పడాల్సిన రెండో విడత సిఫారసు లేఖ. ఎమ్మెల్యే కట్టిస్తానన్న చప్టా. రెండు వానకాలాలు. ఆ రెండో వానకాలం చివర మా అక్క మొగుడు, నలభై తొమ్మిదేళ్ళు. మొదటిది వయసు చేసిన పని. మిగతావాటిలో నా చెయ్యి కూడా ఉంది.

నేను చదివింది ఏడో తరగతి. తాపీ మేస్త్రీల దగ్గర టేపు పట్టుకుని తిరిగి ఎస్టిమేటు వేయడం సొంతంగా నేర్చుకున్నాను. ఊళ్ళో గోడ లేపాలన్నా ముందు నన్నే పిలుస్తారు. మా ఊరికీ నరసన్నపేట వెళ్ళే రోడ్డుకీ మధ్య గెడ్డ ఉంది. ఎండాకాలం ఇసకలో నడిచి దాటతాం. నీళ్ళొస్తే చుట్టూ తిరిగి ఇరవై రెండు కిలోమీటర్లు, అదీ మట్టిరోడ్డు, వానలో ఆటోవాళ్ళు రారు. బావకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి గెడ్డ దాటి వెళ్ళాలి. అందుకే వంతెన కోసం ఊళ్ళో అందరికంటే ఎక్కువ తిరిగింది నేనే.

ఎమ్మెల్యే కుర్రాయన. తూములు వేసి చప్టా కట్టించేస్తాను, వానల్లోపు అయిపోతుంది అన్నాడు. నేను గట్టు మీద వరద మరకలు కొలిచి, ముసలివాళ్ళని అడిగి, ఆ చప్టా ఏడాదికి పన్నెండు రోజులు మునుగుతుందని తేల్చాను. "పన్నెండు రోజులంటే బావకి ఐదు డయాలసిస్‌లు పోతాయి" అని అందరి ముందూ చెప్పాను. ఆ రోజుల్లోనే రాజ్యసభ పెద్దాయన తన నిధులతో పూర్తి వంతెన, రెండు విడతల్లో ఇస్తానన్నారు. ఊరు నా మాట విని చప్టా వద్దంది. అది పక్క ఊరికి పోయింది.

శంకుస్థాపన నాడు కారు దగ్గర్నుంచి శిలాఫలకానికి నలభై అడుగులు. పెద్దాయన్ని ఇద్దరు పట్టుకున్నారు. మూడుసార్లు ఆగారు. కొబ్బరికాయ ఇంకెవరో కొట్టారు. అన్నీ చూశాను. కానీ ఆయన నా ఎస్టిమేటు కాగితం చేతిలోకి తీసుకుని "ఇంజనీరు వేసినట్టుందే" అన్నారు. ఆ మాటకే మురిసిపోయాను.

మొదటి విడతలో ఐదు స్తంభాలు లేచాయి. రెండో లేఖ టైపయి ఆయన బల్ల మీదికి వెళ్ళిందని తెలిసిన వారానికి టీవీలో ఆయన ఫొటోకి దండ. మేం అన్నాల దగ్గరున్నాం. బావ నవ్వాడు.

"ఒరే బామ్మర్దీ, సిమెంటు బస్తాలు లెక్కెట్టినావు, ఇనుము లెక్కెట్టినావు. సంతలో ఎద్దుని కొనేవోడు ముందు పళ్ళు సూస్తాడు. ఆయన పళ్ళు సూడ్నేదేటి నువ్వు?"

"సాల్లే, తిను" అంది అక్క. "ఇంకొకాయన వస్తాడు, సంతకం ఎడతాడు."

"వస్తాడు. ఆయనకీ పళ్ళుండవు, సూడు."

సభలో కాసేపు మౌనం పాటించారు. కొన్ని నెలలకి సీటు నిండింది. కొత్తాయన తన నిధులకి వేరే జిల్లా ఎంచుకున్నారని ఆఫీసులో గుమాస్తా చెప్పాడు. వయసెంతని అడిగాను. డెబ్భై తొమ్మిదన్నాడు, నీకెందుకు అన్నట్టు చూస్తూ. చప్టా కోసం మళ్ళీ ఎమ్మెల్యే దగ్గరికి వెళితే "మీరే కదా వద్దన్నారు" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

అప్పట్నుంచి పేపర్లో పదవిలో ఉన్న ఎంపీ ఎవరు పోయినా ముందు వయసు చూస్తాను. తర్వాత, ఆయన బల్ల మీద ఏ ఊరి కాగితం ఉండిపోయిందో అనుకుంటాను.

వానల్లో బావా నేనూ తెల్లారకుండా గట్టుకి వచ్చేవాళ్ళం. స్తంభాల చుట్టూ ఎర్రనీళ్ళు సుళ్ళు తిరిగేవి. బావ వాచిన కాళ్ళతో కాసేపు నిలబడి "పద, ఇంటికెళ్ళి పడుకుంటాను" అనేవాడు. రెండో ఏడు దసరా దాటలేదు.

కర్మలయ్యాక అక్క ఆస్పత్రి పుస్తకం నా చేతిలో పెట్టింది. వెళ్ళని రోజులకి గళ్ళు ఖాళీగా ఉన్నాయి. వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. రెండు వానకాలాలకీ కలిపి ముప్పై ఒకటి. చప్టా ఉన్నా పది పోయేవి, ఆ పదీ వాన ఖాతాలోవి. మిగిలినవి నేను బావకి ఇవ్వాల్సినవి. ఇరవై ఒకటి.