అత్తయ్య తోలు బ్యాగుకు నేను చేసిన వైద్యం

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు. ఫోన్‌లో నెట్ ఉన్నంతసేపూ ప్రపంచంలోని పనులన్నీ నాకు వచ్చు. నెట్ అయిపోయాక అన్నం కూడా అమ్మే వడ్డించాలి. ఇంజనీరింగ్ పూర్తయింది. ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ వాళ్ళు త్వరలో కబురు చేస్తామని ఒక మెయిల్ పంపి, ఆ ‘త్వరలో’ని ఏడు నెలలు సాగదీశారు. ప్రత్తిపాడుకు దగ్గర్లో ఉన్న మా ఊళ్ళో, అటు పత్తి తీతలూ ఇటు మిరప కోతలూ జరిగే రోజుల్లో, చదువుకున్న ఆడపిల్ల మేడ మీద ఖాళీగా కూర్చుంటే ఎలా ఉంటుందో చెప్పలేను. ఊళ్ళో పసిపిల్లలకు కూడా నాకంటే ఎక్కువ పనులుండేవి. సరిగ్గా అప్పుడే నా కంట పడ్డాయి ఆ వీడియోలు. ఎక్కడో చలిదేశంలో ఒకావిడ మాటా పలుకూ లేకుండా పాత తోలు బ్యాగులను శుభ్రం చేసేది. మొదట చూస్తే ఆ బ్యాగును చెత్తలో వెయ్యడానికి కూడా ముట్టుకోబుద్ధి కాదు. పావుగంట తిరిగేసరికి అది నిగనిగలాడుతూ బల్ల మీద కూర్చునేది. నలభై వీడియోలు చూశాక నాకు ఆ విద్య పట్టుబడిపోయింది. (చేతులు కడుక్కోనవసరం లేకుండా పట్టుబడే విద్యలన్నీ నాకు అలాగే పట్టుబడేవి.)

మొదటి రోగి అమ్మ పాత పర్సు. తడిగుడ్డతో తుడిచి కొబ్బరినూనె రాస్తే అద్దంలా మెరిసింది. అది తోలు కాదు రెగ్జిన్ అనీ, దాన్ని ఎవరు తుడిచినా మెరుస్తుందనీ తర్వాత తెలిసింది కానీ, అప్పటికే నాన్న టీకొట్టు దగ్గర మా అమ్మాయి బ్యాగుల డాక్టరని చెప్పేశాడు. ఏడు నెలలుగా నా గురించి చెప్పుకోవడానికి ఏమీ లేని మనిషి, పాపం, దొరికినదాన్ని వదలలేదు. ఆ మాట రెండు వీధుల అవతల ఉన్న మా మేనత్త చెవిన పడింది.

మా మేనత్త ఊరి హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. మేము చాటుగా లాంగ్ బెల్లు అత్తయ్య అనేవాళ్ళం. ఆవిడ వీధిలోకి వస్తే ఆడుకునే పిల్లలే కాదు, పేకాడే పెద్దలు కూడా లేచి నిలబడేవారు. మామయ్య పోయి చాలా కాలమైంది. ఒక్కతే ఉంటుంది, ఎవర్నీ ఏదీ అడగదు. గంజి పెట్టిన చీరాల చీర కట్టుకుని, గీత గీసినట్టు నడిచి బడికి వెళ్తుంది, అలాగే తిరిగి వస్తుంది. అలాంటి మనిషి ఒక సోమవారం మా ఇంటికి వచ్చి, దిండు గలీబులోంచి ఒక బ్యాగు తీసి నా ముందు పెట్టింది. ముదురు గోధుమరంగు తోలు, ఇత్తడి కొలికి, పొడుగాటి పట్టీ. ఒళ్ళంతా బూజు. టిఫిన్ బాక్సులోంచి ఏనాడో కారిన ఆవకాయ నూనె ఒక పక్కన ఆసియా ఖండం పటంలా పరుచుకుంది. నిలబెడితే నీరసంగా కూలబడిపోతోంది. దాని లోపల ఇంకా సుద్దపొడి ఉంది.

"ఇది మీ మామయ్య మద్రాసు నుంచి తెచ్చాడు. ఉద్యోగంలో చేరిన రోజు ఇదే వేసుకుని బడికి వెళ్ళాను" అంది అత్తయ్య. "ఈ శనివారం నా రిటైర్మెంటు. ఆఖరి రోజు కూడా ఇదే వేసుకెళ్ళి, ఇదే వేసుకుని ఇంటికి రావాలని ఉందే. నీవల్ల అవుతుందా? కాకపోతే ఇప్పుడే చెప్పు."

అమ్మ వంటింట్లోంచి, బస్టాండు దగ్గర జిప్పుల తాతకు ఇస్తే చక్కగా బాగుచేస్తాడని సలహా చెప్పింది. ఆయన నలభై ఏళ్ళుగా తోలుతోనే బతుకుతున్నవాడు. నేను ఒక జాలి నవ్వు నవ్వి, ఇది పాతకాలపు తోలు, దీనికి శాస్త్రీయమైన పద్ధతి కావాలి అన్నాను. అత్తయ్య నా మొహంలోకి ఒక్క క్షణం చూసి బ్యాగు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ జీవితంలో మా ఇంటికి వచ్చి అడిగిన సాయం అదొక్కటే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను, అదీ నా ధైర్యం.

శాస్త్రీయమైన పద్ధతికి కావలసిన సామాన్లు ఒక్కటీ మా ఊళ్ళో దొరకలేదు. దొరకనంత మాత్రాన ఇంజనీరు ఆగిపోతుందా? నూనె మరకను లాగెయ్యడానికి ఏదో మొక్కజొన్న పిండి చల్లమంది వీడియో ఆవిడ. అది లేదు కనుక మెత్తగా జల్లించిన తవుడు తెచ్చి మరక మీద గుట్టగా పోశాను. బూజుకు వెనిగర్ రాయమంది, అదీ లేదు. ఆవకాయ జాడీకి ఏడాది పొడుగునా బూజు పట్టకుండా కాపాడుతున్నది ఉప్పే కదా అని ఆలోచించి, చిక్కటి ఉప్పునీళ్ళతో రెండుసార్లు తుడిచాను. కూలబడిపోయే బ్యాగును నిలబెట్టడం ఎలాగన్నది వీడియోలో లేదు. అత్తయ్య చీరలు దేనివల్ల నిలబడుతున్నాయో గుర్తొచ్చింది. అన్నం వార్చిన గంజి పట్టించాను. వెలిసిన రంగు కోసం నల్లబెల్లం పాకం పట్టి పల్చగా పూశాను. ఆ రంగు ఎంత చక్కగా కలిసిందంటే నా తెలివికి నాకే దిష్టి తగులుతుందేమోనని భయం వేసింది. చివరగా ఎండిపోయిన తోలుకు ఏదైనా చెట్టు నూనె పట్టించాలట. మన నేలలో పండినదానికి మించినది ఏముంటుంది? నూనె మిల్లుకు వెళ్ళి, శుద్ధి చెయ్యని పత్తి గింజల నూనె ఒక సీసా పట్టుకొచ్చి, మూడు పూటలు మర్దన చేశాను. ఆకారం చెడకుండా లోపల కాగితాలు కుక్కమన్నారు కానీ, మా ముందు గదిలో పత్తి కుప్ప పోసి ఉండగా కాగితాలెందుకని, గింజ తియ్యని పత్తి దట్టంగా కూరి అలాగే ఉంచేశాను.

ఇత్తడి కొలికిని చింతపండుతో తోమాను. మొత్తం వైద్యంలో సవ్యంగా చేసిన పని అదొక్కటే.

ఎండబెట్టే దగ్గర మాత్రం చాలా జాగ్రత్తపడ్డాను. కింద కళ్ళం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటు తోలుకు పడితే సభలో అత్తయ్య తుమ్ముతుందని దూరం ఆలోచించి మేడ మీదే నీడపట్టున ఉంచాను. (కాస్త ఘాటు తగిలినా ఎంతో మేలు జరిగి ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.) అమ్మ ఒకసారి పైకి వచ్చి, ఏమిటే ఇక్కడ గొడ్ల కొట్టం వాసన వస్తోంది అంది. పాతకాలపు తోలు వాసన అదే అని చెప్పాను. ఆరో తరగతి నుంచీ హాస్టళ్ళలో పెరిగినదాన్ని, కొట్టం వాసన ఎలా ఉంటుందో నాకు తెలిస్తే కదా. శుక్రవారం పొద్దున, పాలు పోసే గేదెల పిన్ని మా గుమ్మంలో ఆగినప్పుడు, ఆవిడ వెంట వచ్చిన గేదె మోర ఎత్తి మేడ వైపే చాలాసేపు చూసింది. ఇటు రమ్మని లాగినా కదల్లేదు. నేను చేతులు కట్టుకుని పిట్టగోడ మీదుగా దాన్ని చూస్తూ, నోరులేని జీవానికి కూడా నా పనితనం తెలిసిందనుకున్నాను.

శనివారం పొద్దున అత్తయ్య బ్యాగు అందుకుంది. వేళ్ళతో ఒకసారి నిమిరింది. కొలికి తెరిచి మూసింది. రాసుకున్న ఉపన్యాసం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ముందు అరలో ఉంచుకుంది. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టింది. ఏడు నెలల్లో ఎవరైనా నా తల మీద చెయ్యి పెట్టింది అప్పుడే. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బడికి నడిచే వెళ్తానంది. వీధిలో డోలు వాళ్ళు ముందు నడిచారు, వెనక అత్తయ్య, పక్కన నేను. ఇళ్ళల్లోంచి జనం బయటికి వచ్చి నమస్కారాలు పెడుతున్నారు. అది గేదెలను మేతకు తోలే వేళ అన్నది మేమెవరం ఆలోచించలేదు. చెరువు మలుపు దగ్గర నేను అనుకోకుండా వెనక్కి చూస్తే, పిన్ని గేదె మా వెనకాలే వస్తోంది. దాని వెనక ఇంకొకటి. ఇంకో నాలుగు అడుగులు వేసి చూస్తే అయిదయ్యాయి. డోలు చప్పుడుకు బెదరకుండా, తోసుకోకుండా, ఎంతో మర్యాదగా నడుస్తున్నాయి. వీధిలో వాళ్ళు అదేదో ఏర్పాటు అనుకున్నారు. ఒక ముసలాయన గేదెలకు కూడా దణ్ణం పెట్టాడు. అత్తయ్య క్లాసులో నడిచేటప్పుడు ఎలా వెనక్కి తిరిగి చూడదో ఇక్కడా అలాగే చూడలేదు. మొదటి గేదె బ్యాగును వెనక నుంచి ఒక్కసారి నాకింది. ఎవరో పిల్ల పట్టుకుని లాగుతోందనుకుని అత్తయ్య తల తిప్పకుండానే అంది:

"వెనకాల ఎవరది? లైన్లో నడవండి."

నేను ఆవిడ పక్కనే లైన్లో నడిచాను. గేదె అని చెబితే మొత్తం చెప్పాలి.

బడి గేటు దగ్గరికి వచ్చేసరికి గేదెకు ఓపిక అయిపోయింది. బ్యాగు మూతను, పట్టీలో ఒక జానెడును కలిపి నోట్లోకి తీసుకుంది. అత్తయ్య ఆగింది, తిరిగింది, చూసింది. అత్తయ్య కళ్ళద్దాలు సవరించుకుని, ఇన్నేళ్ళూ ఎందరో అల్లరివాళ్ళ చేత చేతిలోవి వదిలించిన ఆ గొంతుతో, వదులు అంది. గేదె ఆ బడిలో చదువుకోలేదు. అది నములుతూనే ఆవిడ కళ్ళల్లోకి చూసింది. నేను బ్యాగు పట్టుకున్నాను, గేదె కూడా పట్టుకుంది. మేమిద్దరం కాసేపు అటూ ఇటూ లాక్కున్నాం. చివరికి గేదెల పిన్ని పరిగెత్తుకుంటూ వచ్చి దాని మూతి మీద చరిచి వదిలించింది. మూత సగం పోయింది. ముందు అర లేదు. లోపలి పత్తి, పగిలిన కాయలోంచి వచ్చినట్టు, తెల్లగా బయటికి వచ్చింది.

పిన్ని బ్యాగును ముక్కు దగ్గర పెట్టుకుంది. వేలితో రాసి నాలుక మీద పెట్టుకుని చప్పరించింది. ఆ తర్వాత నా వైపు చూసింది.

"తవుడు, గంజి, ఉప్పు, బెల్లం, పత్తి గింజల నూనె. అమ్మాయ్, ఇది బ్యాగు కాదు, ఈనిన గేదెకు పెట్టే కుడితి. నేను కూడా ఇంత బాగా కలపను."

నా వృత్తి జీవితంలో ఒక నిపుణురాలి నుంచి నాకు దక్కిన ప్రశంస అదొక్కటే.

సభలో ఆఖరి వరుస వెనక, స్తంభం చాటున నిలబడ్డాను. అత్తయ్య వేదిక మీద ఆ బ్యాగునే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జొల్లు మాత్రం తుడుచుకుంది. మండలం నుంచి వచ్చిన పెద్దాయన ఆవిడ క్రమశిక్షణ గురించి చెబుతుంటే గేటు దగ్గర కట్టేసిన గేదె రెండుసార్లు అరిచింది. నేను నాశనం చేసింది తోలును కాదు. ఆవిడ ఒక్కగానొక్క కోరికను గేదె నోట్లో పెట్టాను. ఆ సంగతి అక్కడ నిలబడి ఆలోచిస్తుంటే నాకు భూమిలోకి పోవాలనిపించింది. అత్తయ్య మాట్లాడటానికి లేచింది. అలవాటుగా బ్యాగు ముందు అర కోసం తడిమింది. అర ఉంటే కదా, కాగితం ఉండటానికి.

"నా ఉపన్యాసం గేదె తినేసింది" అంది. హాలంతా గొల్లుమంది. అత్తయ్య మాత్రం నవ్వలేదు. గుమ్మం దగ్గర, పలుపుతాడు చుట్ట చేతిలో పట్టుకుని నిలబడ్డ గేదెల పిన్ని వైపు చూస్తోంది. "నేను ఈ బడికి వచ్చిన కొత్తలో నువ్వు ఏడో తరగతి. లెక్కల పుస్తకం ఏదే అంటే, గేదె తినేసిందండీ అన్నావు. అబద్ధమని రోజంతా ఎండలో నిలబెట్టాను. గుర్తుందా?"

పిన్ని తల వంచుకుని, తాడును అటూ ఇటూ తిప్పుకుంటూ అంది. "అప్పుడు కూడా నిజమేనండీ, టీచరమ్మగారూ."

అత్తయ్య చేతులు జోడించింది. కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏడవడం ఊరు చూడటం అదే మొదలు. చివరికి ఆవిడ వేదిక మీద చేసిన ప్రసంగం అంతే.

సాయంత్రం లాంగ్ బెల్లు కొట్టారు. పొద్దున వెంట వచ్చిన జనం, గేటు దగ్గర దణ్ణాలు పెట్టి ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళారు. ఆవిడ మిగిలిన పట్టీని భుజాన వేసుకుంది. ఇంటికి మేము ముగ్గురం నడిచాం, గేదెతో కలిపి నలుగురం. అత్తయ్య, పిన్నీ లెక్కల పుస్తకం గురించీ, ఆ పాత గేదె గురించీ మాట్లాడుకున్నారు. వాకిట్లోకి వచ్చాక అత్తయ్య నన్ను దగ్గరికి పిలిచింది. తిట్టడానికే అనుకున్నాను.

"ఇవాళ ఒక్కదాన్నే ఇంటికి నడిచి రావాల్సి వస్తుందని నెల నుంచీ భయంగా ఉందే" అంది. "ఒక్కదాన్నీ రానివ్వలేదు నువ్వు." ఆ తర్వాత బ్యాగులోంచి గుప్పెడు పత్తి తీసి, గింజలతో సహా గేదెకు పెట్టింది.

ఆ బ్యాగును తర్వాత జిప్పుల తాతే బాగుచేశాడు. కొత్త మూత వేశాడు. పళ్ళ గాట్లున్న పట్టీని కూడా మారుస్తానంటే అత్తయ్య వద్దంది. నాకు ఉద్యోగం వచ్చి ఇప్పుడు తాడేపల్లిలో ఉంటున్నాను. తోలుకు రాసే అసలైన క్రీము డబ్బా కొని ఒకసారి తీసుకెళితే, అత్తయ్య దాన్ని ముందు వాసన చూసి, తర్వాత గేదె మోరకు అందని గూట్లో పెట్టించింది. పిన్ని ఆ దారిన పోయినప్పుడల్లా, అమ్మాయి బాగుందా అనకుండా, ఏమన్నా కలుపుతోందా అని అత్తయ్యను అడుగుతుందట.

ఇప్పుడు నేను ఏ పని మొదలుపెట్టాలన్నా పదిమందిని అడుగుతాను. అడిగాక చాలాసార్లు మొదలుపెట్టను కూడా. మొన్న నా ఆఫీసు బ్యాగు పట్టీ దగ్గర తెల్లగా బూజు కనిపించింది. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా మూత తీశాను. దాన్ని చేత్తో పట్టుకుని, మేడ మీద చేతులు కట్టుకుని నిలబడి గేదె మెచ్చుకుంటోందని మురిసిపోయిన ఆ పిల్లను తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత మూత పెట్టేశాను. ఆ పిల్లయితే ఆగేది కాదు.