ముహూర్తానికి వెళ్లిన రిపోర్టులు

కంప్యూటర్ ముందు ఎవరైనా కొబ్బరికాయ కొడుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

తెనాలిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేను టెస్టర్‌ని. మావాళ్లు చేసినదాంట్లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం కాబట్టి అక్కడ నా మొహం ఎవరికీ నచ్చదు. ఆ మధ్య బాపట్లలో రక్తపరీక్షల ల్యాబ్ నడిపే డాక్టరుగారు రేపల్లెలో రెండో బ్రాంచి తెరుస్తూ, రిపోర్టులు నేరుగా పేషెంట్ల ఫోన్లకి వెళ్లిపోవాలన్నారు. అంటే ల్యాబ్‌లోని పాత సాఫ్ట్‌వేర్‌ని, మెసేజ్‌లు పంపే మా కొత్తదాన్ని కలపాలి.

పాతదాంట్లో 'మెసేజ్ పంపవద్దు' అని ఒక చిన్న గడి ఉండేది. పేషెంట్ అడిగితే కౌంటర్‌లో అమ్మాయి అందులో టిక్ పెట్టేది. రెండూ కలిపి చూస్తే ఆ టిక్ మా వైపు రావడమే లేదు. వద్దన్నవాళ్లకీ మెసేజ్ వెళ్లిపోతోంది. మా సార్‌కి చెప్పాను, రాసి పంపాను, మళ్లీ వెళ్లి చెప్పాను.

"ఆ టిక్ ఎంతమంది పెట్టించుకుంటారమ్మా? తర్వాత చూద్దాంలే. శుక్రవారం దాటితే మూఢం. డాక్టరుగారు ముహూర్తం పెట్టించేశారు," అన్నాడు.

శుక్రవారం రేపల్లెలో కూడా అడిగాను. "ఒక్క అరగంట ఆగండి సార్, అదొక్కటీ సరిచేసి మొదలెడదాం." పంతులుగారు వాచీ చూసుకుంటున్నారు. సార్ నన్ను కసిరాడు. కీబోర్డుకి పసుపు రాసి, తెరకి బొట్టు పెట్టి, కాయ కొట్టి, డాక్టరుగారి చేత మీట నొక్కించారు. బాపట్లలో అప్పటికి సిద్ధమైన రిపోర్టులన్నీ ఒక్కసారే వెళ్లిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో పెట్టిన లడ్డూ నేను తినలేదు.

ఏమైనా ఇబ్బందులొస్తే చూడమని సోమవారం నన్ను బాపట్ల ల్యాబ్‌కి పంపారు. పొద్దున్నే ఒకావిడ విసురుగా వచ్చింది. ఇళ్లలో వంట చేస్తుందట.

"పంపొద్దని చెప్పానా లేదా అమ్మా?" అంది కౌంటర్‌లో అమ్మాయితో.

"చెప్పావక్కా, టిక్ కూడా పెట్టాను," అంది ఆ అమ్మాయి బిక్కమొహం వేసి.

"నాకు ఫోన్ లేదు. ఏదో ఒక నంబరు ఉండాల్సిందేనంటే నేను వండే ఇంటి అమ్మగారిదిచ్చాను. నా రిపోర్టు ఆవిడ ఫోన్‌కెళ్లింది. ఇంక రావొద్దన్నారు. పక్కిళ్లవాళ్లకీ చెప్పేశారు. ఇప్పుడు నన్నెవరు వంటింట్లోకి రానిస్తారు?"

రిపోర్టులో ఉన్నది హెపటైటిస్ బి. వంట వల్ల అది అంటుకోదని డాక్టరుగారు ఆ ఇంటావిడకి ఫోన్ చేసి నచ్చజెప్పారు. అన్నిటికీ "అవునండి, అలాగేనండి" అని పెట్టేసిందట. వంటకి మాత్రం పిలవలేదు.

"పంపింది మీరే కదండి, వెనక్కి తీసేసుకోండి," అంది వంటావిడ నాతో. ఏం తీసుకోను? చదివేశారు, నలుగురికీ చెప్పేశారు. ఆ ఇంటావిడ మీద, మా సార్ మీద, వాళ్ల ముహూర్తం మీద పట్టరాని కోపం వచ్చింది.

సార్‌కి ఫోన్ చేశాను.

"సారీ చెప్పి పంపించెయ్యమ్మా. టిక్ సంగతి ఇప్పుడే చేయిస్తాను. అవగానే ఆవిడ రిపోర్టే ఇంకోసారి పంపి చూడు, ఆగుతుందో లేదో తెలిసిపోతుంది."

ఆగకపోతే అదే ఇంటికి రెండోసారి వెళ్తుంది. ఆ మాత్రం ఆలోచన కూడా లేదు మనిషికి.

"మీరూ ఇక్కడే పరీక్షలు చేయించుకున్నారు కదండి. మీ రిపోర్టుకి టిక్ పెట్టి, మీ మామగారి నంబరుకి పంపి చూద్దాం," అన్నాను.

"ఛ, అదేంటమ్మా! అది నా పర్సనల్ కదా."

"మరి ఆవిడది?"

ల్యాబ్‌లో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేలా అరిచాను.

అక్కడ మావాళ్లు సరిచేశామని చెప్పగానే, ఉత్తుత్తి పేరుతో, నా సొంత నంబరుతో ఒక పేషెంట్‌ని తయారు చేసి, టిక్ పెట్టి చూశాను. నా ఫోన్‌కి మెసేజ్ రాలేదు. వంటావిడ అప్పటిదాకా బెంచీ మీదే కూర్చుని నన్ను చూస్తోంది.

"అయిపోయిందా అండి?" అని అడిగింది.

అయిపోయిందన్నాను. అరగంట కూడా పట్టలేదు.